తుప్పు పట్టిన వారసత్వపు కారు: బాగుచేయించడం ఎప్పుడు తగును?

తాత నుంచో తండ్రి నుంచో సంక్రమించిన పాత కారు తుప్పు పట్టి ఉన్నప్పుడు, దాన్ని బాగుచేయించాలా వద్దా అన్నది ప్రధానంగా రేకు తేల్చే విషయం. ఇంజను గురించి అంత బెంగ అక్కర్లేదు. అంబాసిడర్, ఫియట్ కాలపు ఇంజన్లు ఏ చిన్న పట్నంలోని లేత్ షాపులోనైనా బాగుపడేవి. బోరు అరిగితే స్లీవు వేస్తారు. క్రాంకు మీద గీతలు పడితే గ్రైండింగ్ పట్టిస్తారు. ఏళ్లతరబడి కదలక బిగుసుకుపోయిన పిస్టన్లను డీజిల్ పోసి నానబెట్టి వదులు చేస్తారు. బాడీ సంగతి వేరు. తుప్పు తినేసిన చోట కొత్త రేకు కత్తిరించి, వంచి, అతకాలి. ఆ పని ఎంతుందో పాత రేకు విప్పి చూసేదాకా ఎవరూ చెప్పలేరు. నిర్ణయంలోని చిక్కంతా అక్కడే ఉంది.

తెలుగు ఇళ్లలో ఇలా మిగిలినవి ఎక్కువగా మూడు రకాల కార్లు. మొదటిది పశ్చిమ బెంగాల్ ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడర్. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి ఆధారంగా 1950ల చివర మొదలై 2014 మే దాకా ఫ్యాక్టరీ నుంచి వస్తూనే ఉంది. రెండోది బొంబాయి కుర్లాలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ చేసిన ఫియట్ 1100. 1970లలో ప్రీమియర్ పద్మిని అని పేరు మారినా జనం నోట ఫియట్‌గానే నిలిచింది. మూడోది మద్రాసు స్టాండర్డ్ మోటార్స్ వారి హెరాల్డ్; 1961 నుంచి పదేళ్లపాటు తయారైంది. వీటికి తోడు మోతుబరి రైతుల కొట్టాల్లో మహీంద్రా విల్లీస్ జీపులు, జమీందారీ కుటుంబాల్లో అంతకుముందటి షెవర్లె, ప్లిమత్, డాడ్జి కార్లు కనిపిస్తాయి. పేరుకు అన్నీ పాతకార్లే. తుప్పు వీటిని తినే తీరు మాత్రం ఒక్కటి కాదు, అందుకే ఒకదానికి పనికొచ్చిన సలహా మరోదానికి చేటు చేస్తుంది.

తుప్పు తీరు

ఇనుము, నీరు, ఆక్సిజన్ కలిసినచోట తుప్పు పుడుతుంది. గాలిలో తేమ 60 శాతం దాటితే దాని వేగం పెరుగుతుంది. నీటిలో ఉప్పు ఉంటే విద్యుత్తు ప్రవాహం సులువై ఇంకా పెరుగుతుంది. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీర పట్నాల్లో ఏడాదిలో ఎక్కువ భాగం గాలి ఈ హద్దుకు పైనే ఉంటుంది, పైగా ఉప్పు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురంలో షెడ్డు కింద నిలిచిన కారుకూ, భీమిలి బీచి రోడ్డులో నిలిచిన అదే ఏడాది కారుకూ పోలికే ఉండదు. కాబట్టి కారు ఎన్నేళ్లది అన్నదాని కంటే ఆ ఏళ్లు ఎక్కడ గడిపింది అన్నది ముందడగాల్సిన ప్రశ్న.

నిల్వ ఉంచిన తీరూ అంతే ముఖ్యం. మట్టి నేల మీద నిలిపిన కారుకు నేలలోని చెమ్మ కింది నుంచి ఎక్కుతుంది. పైన కప్పిన టార్పాలిన్ ఆ చెమ్మను బయటికి పోనివ్వదు. రక్షణ అనుకుని కప్పిందే కారును ఉడకబెడుతుంది. పల్లెల్లో మరో అలవాటు ఉంది. కారు కదలడం మానేశాక ఆ కొట్టం ఎరువుల బస్తాల గది అవుతుంది. పొటాష్ ఎరువు రసాయనికంగా క్లోరైడ్ లవణమే, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. బస్తా చిరిగి డిక్కీ పక్కన రాలిన పిడికెడు పొడి ఆ మూల రేకును పదేళ్లలో జల్లెడ చేయగలదు. వరదలో మునిగిన కారుది ఇంకో బాధ. 2020 అక్టోబరులో హైదరాబాదులోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోనూ మునిగిన వాహనాల్లో బురద తలుపుల అడుగునా బాడీలోని మూసి ఉన్న పెట్టె భాగాల్లోనూ పేరుకుంది. పైపైన కడిగితే అది పోదు, తేమను పట్టి ఉంచుతూనే ఉంటుంది.

తుప్పుకు ఇంకో గుణం ఉంది. అది తిన్న ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులను స్పాట్ వెల్డింగ్‌తో కలిపిన అతుకు మధ్య తుప్పు మొదలైతే లోపలి నుంచే ఉబ్బి ఆ రెండిటినీ విడదీస్తుంది. ఆ కాలపు కార్ల బాడీ రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరు. జింకు పూత లేదు. పెట్టె భాగాల లోపలి గోడలకు ఫ్యాక్టరీ రంగు సరిగా చేరేదే కాదు. అందుకే ఈ కార్లు లోపలి నుంచి బయటికి చెడతాయి. బయట రంగు మీద రూపాయి బిళ్లంత పొక్కు కనబడేసరికి లోపల అరచేయంత మేర రేకు పోయి ఉంటుంది. కంటికి కనిపించేది నష్టంలో చిన్న వాటా మాత్రమే అన్న అంచనాతోనే లెక్క మొదలుపెట్టడం మంచిది.

బరువు మోసేది ఏది?

తుప్పు ఎంతుంది అన్నదానికన్నా ఎక్కడుంది అన్నది పెద్ద ప్రశ్న. అంబాసిడర్‌కూ ఫియట్‌కూ విడిగా ఛాసిస్ లేదు. నేల రేకు, సిల్‌లు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన ఒకే పెట్టె బరువంతా మోస్తుంది. దీన్నే మోనోకాక్ అంటారు. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా సాగే మూసిన పెట్టె భాగమే సిల్. మోనోకాక్ కారులో అది వెన్నెముకలో భాగం, కాబట్టి అక్కడ పడిన చిల్లు అందానికి సంబంధించిన లోపం కాదు. సిల్ బలహీనమైతే కారు నడుమ కుంగుతుంది, తలుపులు గడియకు అందవు.

అంబాసిడర్‌కు ఇంకో ప్రత్యేకత ఉంది. దాని ముందు సస్పెన్షన్ టార్షన్ బార్‌ల మీద నడుస్తుంది. ఈ పొడవాటి కడ్డీల వెనక కొసలు నేల కింది అడ్డ దూలానికి బిగిసి, మెలితిరిగే ఒత్తిడిని ఎప్పుడూ దానిమీద మోపుతుంటాయి. ఆ దూలం చుట్టూ రేకు పోతే ముందు చక్రాల భారం మోసే దిక్కే లేదు. వెనకవైపు కమాన్ కట్టల కొసలు బిగించిన చోట్లు, డిక్కీలో స్టెప్నీ కూర్చునే గుంత, జాకీ పెట్టే చోట్లు కూడా ఇలాంటి మర్మస్థానాలే. ఫియట్‌లో ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు. అవి కూర్చునే పీటల చుట్టూ చూడాలి. పైకి మెరిసే మడ్‌గార్డుకు చిల్లులు పడినా అంత దిగులు లేదు, అది బరువు మోయదు.

హెరాల్డ్ సంగతి దాదాపు తలకిందులు. 1959లో బ్రిటన్‌లో ఆ కారు వచ్చేనాటికి తక్కిన చిన్న కార్లు మోనోకాక్ బాట పట్టినా, అది మాత్రం విడి ఛాసిస్ మీద, భాగాలు భాగాలుగా బోల్టులతో బిగించిన బాడీతో తయారైంది. అందులో సిల్ కేవలం ముసుగు. పూర్తిగా పోయినా కారు కుంగదు. కానీ ఛాసిస్ నుంచి పక్కలకు చాచిన చేతులు, వెనక కొసలు పోతే ప్రమాదం. ఒక్క మాటలో, అంబాసిడర్‌లో ప్రాణాంతకమైన చిల్లు హెరాల్డ్‌లో మామూలు చిల్లు. ఈ తేడా తెలియని మేస్త్రీ చేతిలో రెండు కార్లకూ ఒకే వైద్యం జరుగుతుంది. జీపులూ, పాత అమెరికన్ కార్లూ విడి ఛాసిస్ బండ్లే కనుక, చూడటానికి ఎంత భీకరంగా ఉన్నా లోపల మోటు ఛాసిస్ చెక్కుచెదరకుండా ఉండటం తరచూ జరిగేదే. పాత కార్లలో ముందుగా వదిలేయాలనిపించేవి అవి. నిజానికి బాగుపడే అవకాశం ఎక్కువున్నవీ అవే.

విప్పి చూడటం

పరీక్షకు పెద్ద సామాను అక్కర్లేదు. అయస్కాంతం ఒకటి, మొద్దుబారిన స్క్రూడ్రైవరు ఒకటి, చిన్న సుత్తి, మంచి టార్చి లైటు ఉంటే చాలు. పుట్టీ నింపిన చోట అయస్కాంతం అంటుకోదు. గట్టి రేకు మీద సుత్తి తాకితే ఖంగుమంటుంది, తుప్పు పట్టినచోట మొద్దు శబ్దం వస్తుంది. పెట్టె భాగాలను స్క్రూడ్రైవరు మొనతో పొడవాలి. మొన దిగబడితే అక్కడ రేకు లేనట్టే. మ్యాట్లు, వాటి కింది తారు పొర తీయకుండా నేల రేకు మీద తీర్పు చెప్పకూడదు. అన్నిటికంటే నిక్కచ్చి పరీక్ష జాకీది. కారు పక్కన జాకీ చోట ఎత్తి, ఆ వైపు తలుపు తెరిచి మూయాలి. నేల మీద ఉన్నప్పుడు సులువుగా మూసుకున్న తలుపు ఎత్తినప్పుడు పట్టేస్తే సిల్ పని అయిపోయిందన్నమాట. ఇక జాకీ రేకును చీల్చుకుని పైకి వస్తే పరీక్ష అక్కడితో ఆపేయవచ్చు.

ఈ పరీక్షంతా రంగు వేయకముందే జరగాలి. వారసులు చేసే పొరపాట్లలో ఖరీదైనది ఇదే: కారు ఇంటికి రాగానే ఉత్సాహంతో పెయింటు వేయించడం. కొత్త రంగు కింద నష్టం దాగుతుంది, తేమ లోపలే చిక్కుతుంది, రెండేళ్లలో పొక్కులు తిరిగి లేస్తాయి. అమ్మకానికి పెట్టిన నిగనిగలాడే పాత కారు చాలాసార్లు మేడిపండే.

ఇంకో విషయం కూడా గుర్తించాలి. ఏ మేస్త్రీ అయినా విప్పకముందు చెప్పే అంచనా పై కొలత మాత్రమే. మంచి షెడ్డు వాళ్లు ముందు విప్పడానికీ, రంగు గీకి చూపించడానికీ విడిగా ఒక మొత్తం తీసుకుని, ఆ తర్వాతే అసలు అంచనా ఇస్తారు. ఆ దశలో వద్దనుకుని వెనక్కి తగ్గే స్వేచ్ఛ యజమానికి ఉండాలి. పనంతా ఒకే మొత్తానికి గుత్తగా మాట్లాడుకునే పద్ధతి తుప్పు పనికి నప్పదు. అనుకున్నదానికంటే పని పెరిగితే గుత్తకు తీసుకున్నవాడు పుట్టీతో సర్దుతాడు. తప్పు అతనిది మాత్రమే అనలేం.

రేకు పని

టింకరింగ్ పనిలో తెలుగునాట చేయి తిరిగినవాళ్లు ఉన్నారు. విజయవాడ ఆటోనగర్, విశాఖ గాజువాక ఆటోనగర్ వంటి చోట్ల కొత్త భాగం దొరకనప్పుడు రేకును చేత్తో మలిచి అదే వంపు తెచ్చే మేస్త్రీలు నేటికీ కనిపిస్తారు. అయితే ప్రమాదంలో సొట్టపోయిన రేకును సరిచేయడం ఒక విద్య, తుప్పు తిన్న నిర్మాణాన్ని తిరిగి కట్టడం మరో విద్య. మోనోకాక్ కారులో సిల్ కోసేముందు తలుపుల ఖాళీల్లో అడ్డుకడ్డీలు వెల్డింగ్ చేసి బాడీ కదలకుండా బంధించాలి. లేకపోతే కోసిన వెంటనే అది కుంగి, ఆ కుంగిన ఆకారంలోనే కొత్త రేకు అతుక్కుంటుంది. ఆ తర్వాత ఏ తలుపూ ఎప్పటికీ సరిగా పడదు. పాత రేకు మీద కొత్త రేకు కప్పి అంచులు అంటించే అలవాటు ఇంకా పోలేదు. రెండు రేకుల మధ్య సందులో తేమ నిలిచి తుప్పు ముందుకన్నా వేగంగా సాగుతుంది. కుళ్లిన రేకును మంచి ఇనుము తగిలేదాకా కోసి తీసేసి, అంచుకు అంచు కలిపి అతకాలి. పల్చటి రేకుకు మిగ్ వెల్డింగ్ మేలు. గ్యాస్ వెల్డింగ్ వేడికి రేకు విస్తారంగా వంకరపోతుంది, ఆరితేరిన చేతికి తప్ప అది లొంగదు.

పైపై తుప్పుకు రసాయన చికిత్సలున్నాయి. ఫాస్ఫారిక్ ఆమ్లం తుప్పును ఐరన్ ఫాస్ఫేట్ పొరగా మారుస్తుంది, టానిక్ ఆమ్లం నల్లటి ఐరన్ టానేట్‌గా మారుస్తుంది. గట్టి ఇనుము మీద పట్టిన పల్చటి తుప్పుకే ఇవి పనిచేస్తాయి. పెచ్చులూడే చోట పూస్తే అడుగున తుప్పు అలాగే ఉంటుంది. చిన్న సామానుకు చాకలి సోడా కలిపిన నీటిలో కరెంటు పంపే పద్ధతి చవకైనదీ మంచిదీ. శాండ్ బ్లాస్టింగ్ ఛాసిస్‌కు బాగుంటుంది గానీ, అదే ఒత్తిడితో బానెట్ మీద, పైకప్పు మీద కొడితే పల్చటి రేకు అలలు తేలుతుంది. ఇక మన షెడ్లలో సర్వరోగ నివారిణిగా వాడే రెడాక్సైడ్ గురించి ఒక మాట. అది ప్రైమరు మాత్రమే, దానంతట అది నీటిని ఆపదు. రెడాక్సైడ్ పూసి ఆరుబయట వదిలేసిన కారుకు రక్షణ ఉందనుకోవడం భ్రమ. ఎపాక్సీ ప్రైమరు, దాని మీద పై రంగు, పెట్టె భాగాల లోపలికి పిచికారీ చేసే మైనం, ఈ మూడూ కలిస్తేనే చేసిన పని నిలుస్తుంది. చివరిది బయటికి కనబడదు, అందుకే ఎక్కువగా ఎగ్గొట్టేదీ అదే.

విడిభాగాలు

అంబాసిడర్‌కు యాంత్రిక భాగాల లోటు తక్కువ. దశాబ్దాలపాటు టాక్సీగా, సర్కారు బండిగా తిరిగింది కాబట్టి నిల్వలూ, పాత బండ్ల నుంచి ఊడదీసినవీ ఇంకా దొరుకుతాయి. చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురి వంటి తుక్కు మార్కెట్లలో వెతికేవాళ్లకు ఓపిక ఉంటే చాలు. చిక్కు పాత మార్కు బండ్లతో, అంటే తొలి రూపాంతరాలతో, వస్తుంది. మొదటి మార్కు గ్రిల్లు, డ్యాష్‌బోర్డు, చిన్న చిన్న క్రోమ్ పట్టీలు తర్వాతి మార్కులతో కలవవు. తరవాతి కాలపు గ్రిల్లు తగిలిస్తే కారు నడుస్తుంది, కానీ ఏ కాలానికీ చెందనిదిగా మారుతుంది. ఫియట్‌దీ దాదాపు ఇదే పరిస్థితి. బొంబాయిలో నలుపు పసుపు టాక్సీలుగా 2023 అక్టోబరు దాకా తిరిగిన బండి కనుక నడకకు కావలసిన భాగాలు దొరుకుతాయి.

హెరాల్డ్‌కు ఒక విచిత్ర సౌలభ్యం, ఒక విచిత్ర ఇబ్బంది. బ్రిటన్‌లో దీని మూలమైన ట్రయంఫ్ హెరాల్డ్‌కు అభిమానులు ఎక్కువ, అక్కడ కొత్తగా చేసిన భాగాలు అమ్మే సంస్థలున్నాయి. అమెరికాలోనో ఇంగ్లండులోనో బంధువులున్న కుటుంబాలు పెట్టెల్లో తెప్పించుకోవచ్చు. కానీ నాలుగు తలుపుల హెరాల్డ్ భారతదేశంలోనే తయారైంది. దాని వెనక తలుపు, ఆ తలుపు అద్దం, దాని చుట్టూ రబ్బరు బ్రిటన్‌లో ఉండే ప్రశ్నే లేదు. ఏ కారుకైనా విడిభాగాల జాబితా రాసేటప్పుడు ఇంజను, బ్రేకు సామాను చివర రాసినా ఫర్వాలేదు. వంపు అద్దాలు, దీపాల చట్రాలు, గుర్తులు, గడియలు ముందు రాయాలి. పని ఆగిపోయేది వాటి దగ్గరే. ఊడిన ప్రతి ముక్కనూ, ఎంత కుళ్లినా, పని పూర్తయ్యేదాకా పారేయకూడదు. కొత్తది మలచడానికి అదే నమూనా.

పెట్రోలు మార్పు కూడా ఖర్చులో కలపాలి. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలనూ పెట్రోలు పంపు డయాఫ్రమ్‌నూ పాడుచేస్తుంది. నెలలతరబడి నిలిచే కారు ట్యాంకుకు లోపలి నుంచి తుప్పు తెస్తుంది.

ఖర్చు, విలువ

మామూలు మార్కు అంబాసిడర్‌నో పద్మినినో పూర్తిగా పునరుద్ధరిస్తే, ఆ ఖర్చు అమ్మకం ధరలో తిరిగి రాదు. దీన్ని నియమంగానే తీసుకోవచ్చు. అదే మోడల్‌లో మంచి రేకున్న కారు కొని సరిచేసుకోవడం, కుళ్లిన సొంత కారును నిలబెట్టడం కంటే దాదాపు ఎప్పుడూ చవక. కనుక లాభం వస్తుందన్న లెక్కతో ఈ పనిలో దిగకూడదు. దిగేవాళ్లు దాన్ని ఇంటి ఖర్చుగా, తిరిగి రాని డబ్బుగా రాసుకోవాలి. సగంలో ఆగిపోవడం అన్నిటికంటే నష్టం. విప్పి ముక్కలు చేసిన కారు విప్పని కారు కంటే తక్కువకు పోతుంది, ఒక్కోసారి తుక్కు ధరకే. చాలా పాత కార్లను చివరికి చంపింది తుప్పు కాదు, డబ్బు చాలక ఆగిపోయిన పునరుద్ధరణే. ఖర్చు తడిసి మోపెడయ్యే చోటు కూడా తెలిసిందే: రంగు గీకిన వారం. అందుకే ఎంత వరకు పెడతారో కుటుంబం ముందే ఒక హద్దు గీసుకోవాలి. పెట్టిన డబ్బు వృథా పోతుందన్న బాధతో ఇంకా పెట్టడం ఆ హద్దు దాటాకే మొదలవుతుంది.

మినహాయింపులు ఉన్నాయి. అరుదైన కారుకు ఈ లెక్క వర్తించదు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెసులో ఉన్న నిజాముల 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు బాగుచేయించిన ఖర్చును మార్కెట్ ధరతో పోల్చేవారెవరూ లేరు. వాహనం మామూలుదే అయినా దాని చరిత్ర వల్ల విలువ రావచ్చు. ఎన్.టి. రామారావు ప్రచార యాత్రల చైతన్య రథం మూలంలో ఒక పాత షెవర్లె వ్యాను. అలాంటి వాహనంలో ప్రతి గీత, ప్రతి మార్పు చరిత్రలో భాగమే. వాటిని చెరిపి కొత్తగా చేస్తే విలువే పోతుంది. కుటుంబ కారు విషయంలోనూ ఈ ఆలోచన చిన్న మోతాదులో పనికొస్తుంది. పాత కార్ల ప్రపంచ సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన టురిన్ పత్రం ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడడం, చెడకుండా నిలపడం, పోయినదాన్ని తిరిగి చేయడం అని వేర్వేరు స్థాయిలు గుర్తించి, వీలైనంత తక్కువ జోక్యం మేలంటుంది. తాత చేయి అరగదీసిన స్టీరింగు చక్రాన్ని పాలిష్ పట్టించి కొత్తగా చేస్తే పోయేది ఏమిటో ఆ కుటుంబానికే తెలుస్తుంది.

కాగితాలు

రేకు చూసే రోజునే కాగితాలూ చూడాలి. యజమాని మరణిస్తే వాహనం వారసుడి చేతికి వచ్చే విధానాన్ని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్, కేంద్ర నిబంధనల్లోని 56వ నిబంధన చెబుతాయి. మరణం సంగతి 30 రోజుల్లో రవాణా అధికారికి తెలియజేసి, 3 నెలల్లోగా 31వ ఫారంలో బదిలీకి దరఖాస్తు చేయాలి. ఆచరణలో ఈ గడువులు దాటి ఇరవయ్యేళ్లు గడిచిన కార్లే ఎక్కువ. అప్పుడు మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, తక్కిన వారసుల అంగీకారం కూడగట్టాల్సి వస్తుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు అందరూ సంతకం పెట్టకముందే ఒకరు లక్షలు పోసి కారు బాగుచేయిస్తే, ఆ తర్వాత అది ఎవరిదన్న తగవు తప్పదు.

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, తర్వాత ఐదేసి ఏళ్లకు పునరుద్ధరించుకోవాలి. కేంద్రం ఈ పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు చేసింది, 2025లో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 రూపాయలకు పెంచింది. హరిత పన్ను వేరు. ఢిల్లీ ప్రాంతంలో పాత వాహనాల మీద ఉన్న కాలపరిమితి నిషేధం తెలుగు రాష్ట్రాలకు వర్తించదు. ఇక్కడ ఫిట్‌నెస్ ఉన్న పాత కారు తిరగవచ్చు.

50 ఏళ్లు దాటిన వాహనాలకు 2021 జూలైలో వచ్చిన వింటేజ్ నిబంధనలు మరో దారి తెరిచాయి. రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుబాటు, తర్వాతి పునరుద్ధరణకు 5,000. కొత్తగా ఇచ్చే నంబర్లలో వి.ఏ. అక్షరాలు వస్తాయి. ముందే రిజిస్టరైన కారు తన పాత నంబరును ఉంచుకోవచ్చు. ఇంటిల్లిపాదికీ గుర్తున్న నంబరుంటే ఇది చిన్న విషయం కాదు. కానీ ఇలా నమోదైన కారు ప్రదర్శనలకు, ర్యాలీలకు, పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీ తిరగడానికి పనికిరాదు. వ్యాపారానికీ వాడకూడదు. తుప్పు నిర్ణయానికి ముఖ్యమైన షరతు ఇంకొకటి: కారు అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్‌లో, బాడీలో, ఇంజనులో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. కుళ్లిన బాడీ పడేసి మరో కారు బాడీ బిగించడం, డీజిల్ ఇంజను దించడం వంటి చవక దారులు ఈ తలుపును మూసేస్తాయి. రెండు కార్లు కలిపి ఒకటి చేసేటప్పుడు ఛాసిస్ నంబరు ఉన్న భాగం ఏ కారు కాగితాలదో ఆ కారే మిగలాలి. నంబరు పలకను కోసి మరోదానికి అతకడం మరమ్మతు కిందికి రాదు, నేరం కిందికి వస్తుంది. వింటేజ్‌గా నమోదైన ప్రైవేటు కారుకు థర్డ్ పార్టీ బీమా ప్రీమియంలో 50 శాతం రాయితీని 2022లో ప్రకటించారు.

ఏ దారి ఎవరికి?

ఎక్కువ కార్లకు తగిన దారి పూర్తి పునరుద్ధరణకూ తుక్కుకూ మధ్యన ఉంటుంది. బరువు మోసే చోట్లు గట్టిగా ఉండి, తుప్పు తలుపుల అడుగునా మడ్‌గార్డుల్లోనూ ఉంటే, చేయాల్సింది తుప్పును ఆపడం, బ్రేకులు, గొట్టాలు, టైర్లు, తీగలు పూర్తిగా మార్చడం, రంగు జోలికి పోకపోవడం. వెలిసిన రంగుతో, ఒకటి రెండు అతుకులతో ఆదివారం పొద్దున తిరిగే కారు అవుతుంది. డబ్బు కూడాక రంగు ఎప్పుడైనా వేయించవచ్చు. సిల్‌లు పోయి, అడ్డ దూలం గట్టిగా ఉన్న అంబాసిడర్‌ది మధ్యస్థ పరిస్థితి. చేతికి అందే దూరంలో మోనోకాక్ పని చేసిన అనుభవమున్న షెడ్డు ఉంటే పూనుకోవచ్చు, లేకపోతే ఆగాలి. నేల, సిల్‌లు, సస్పెన్షన్ బిగించిన చోట్లు మూడూ పోయిన మోనోకాక్ కారు, అరుదైనది కాకపోతే, నడపడానికి బాగుచేయించదగినది కాదు. దాన్ని రోడ్డెక్కించడం ప్రేమ అనిపించుకున్నా, అందులో కూర్చునే పిల్లల పట్ల బాధ్యత అనిపించుకోదు.

నిర్ణయం వాయిదా వేయడం కూడా చెల్లే నిర్ణయమే, తుప్పును ఆపి వాయిదా వేస్తే. కారును సిమెంటు నేల మీదికి తేవాలి, ఇటుకల మీద కాక స్టాండుల మీద ఎత్తాలి, మ్యాట్లూ తడి సీటు దూదీ తీసేయాలి, తలుపుల అడుగు రంధ్రాలు తెరవాలి, బురద కడిగి ఎండబెట్టాలి, పెట్రోలు తీసేయాలి, పెట్టె భాగాల్లో మైనమో పల్చటి నూనో కొట్టాలి, పైన గాలి ఆడే గుడ్డ కప్పాలి. ఒక వారాంతపు పనితో ఐదారేళ్ల గడువు దొరుకుతుంది. ఈ గడువులో డబ్బు, మేస్త్రీ, విడిభాగాలు, వారసుల సంతకాలు కూడవచ్చు. కూడకపోతే ఎలాగూ చేయలేని పనే అని తేలుతుంది.

వదులుకోవాలని తేలినప్పుడు ఉన్నది ఉన్నట్టు, రంగు పూయకుండా, కాగితాలతో సహా అదే మోడల్ బాగుచేయించుకుంటున్న వ్యక్తికి అమ్మడం మొదటి మార్గం. ఒక కారు తలుపులు, అద్దాలు, గేర్‌బాక్సు మరో రెండు కార్లను నిలబెట్టగలవు. కుటుంబం స్టీరింగు చక్రమో, గడియారమో, ముందు గుర్తో ఉంచుకుంటే కొనేవాడికి ముందే చెప్పాలి. అవే అతనికి దొరకనివి కావచ్చు. అమ్ముడుపోనిదాన్ని వీధిలో పాత ఇనుము కొనేవాడికి తూకానికి ఇచ్చేస్తే కాగితాల్లో కారు బతికే ఉంటుంది, దాని నంబరు ఎవరైనా వాడుకోవచ్చు. పనికిరాకుండా పోయిన వాహనం సంగతి 55వ సెక్షన్ కింద 14 రోజుల్లో తెలిపి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలి. 2021 నిబంధనల కింద నమోదైన తుక్కు కేంద్రానికి ఇస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. దాని మీద కొత్త సొంత కారు కొన్నప్పుడు మోటారు వాహనాల పన్నులో 25 శాతం దాకా రాయితీ ఇచ్చే వీలును కేంద్ర నిబంధనలు కల్పించాయి. ఇస్తున్న రాయితీ ఎంతో రాష్ట్ర రవాణా శాఖ దగ్గర అడిగి తెలుసుకోవాలి.